గట్టు కాపలా

మా భీమవరంలో ఈ మధ్య పలకరింపులు మారిపోయాయి. ఇదివరకు యాభై దాటిన మగాళ్ళిద్దరు టీ కొట్టు దగ్గర కలిస్తే రొయ్య రేటెంత, ధాన్యం బస్తా ఎంత పలుకుతోంది అని అడుక్కునేవారు. ఇప్పుడు "మీకెన్ని బ్లాకులండీ?" అంటున్నారు. "రెండండీ. ఒకటి తొంభై, ఒకటి డెబ్బై." "నాదొకటేనండీ, కానీ తొంభై అయిదు!" అచ్చం పదో తరగతి మార్కులు చెప్పుకున్నట్టే. ఎక్కువ పర్సెంటు వచ్చినాయన గొంతులో కాస్త గర్వం కూడా వినబడుతుంది.

నేను తెలుగు పండిట్‌గా ముప్ఫై ఒక్క ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. గోదావరి పశ్చిమ డెల్టా కాలువ గట్లే ఆయన ఆఫీసు. ఆయన కూడా మూడేళ్ళ కిందట ఈ పర్సెంటేజీల సంఘంలో చేరారు. సంక్రాంతి వెళ్ళిన నాలుగో రోజు, ఇంకా తెల్లారలేదు, ఎడమ దవడ లాగేస్తోందన్నారు. చొక్కా పిండితే నీళ్ళు కారేంత చెమట. "గ్యాసే. సోడా తాగితే పోతుంది" అన్నారు. నేను ఆ మాట వినిపించుకోలేదు. పక్కింటి అబ్బాయిని లేపి, కారులో కూర్చోబెట్టి తీసుకెళ్ళాం. ఈసీజీ తీసిన కుర్రాడి మొహం చూస్తేనే అర్థమైపోయింది. ఆ పొద్దున్నే యాంజియోగ్రామ్, వెంటనే స్టెంటు. నాలుగో రోజుకి ఇంటికొచ్చేశాం.

అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. ఎనిమిదో నెలలో ఒకరోజు మాత్రల డబ్బా సర్దుతుంటే లెక్క కుదరలేదు. ఉండాల్సిన వాటికంటే ఎక్కువున్నాయి. అడిగితే తడుముకోకుండా చెప్పారు.

"చూడు పంతులమ్మా, కాలువలో పూడిక పేరుకుంది. వేసవిలో కాలువలు కట్టేశాక మేం చేసే పనే ఆ డాక్టర్లూ చేశారు. పూడిక తీశారు. ఇప్పుడు నీళ్ళు సుబ్బరంగా పారుతున్నాయి. పూడిక తీసేసిన కాలువలోకి మళ్ళీ రోజూ పొక్లెయినర్ దింపుతారేంటి ఎవరన్నా?"

వినడానికి బ్రహ్మాండంగా ఉంది. నలభై ఏళ్ళు కాలువల మీద బతికిన మనిషి చెప్పాడు మరి. ఊళ్ళో సగం మంది నమ్మకం కూడా ఇదే. రక్తనాళమంటే గొట్టం, కొవ్వంటే అందులో అడ్డంపడ్డ చెత్త, స్టెంటు వేస్తే చెత్త పోయింది, పని అయిపోయింది. ఈ లెక్క నాకెందుకో నచ్చలేదు. నాకు తెలిసిన వైద్యం నిఘంటువు తిరగెయ్యడం ఒక్కటే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాను. మిగిలింది చెకప్పులకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మని విసిగించి, మా స్కూల్లో జీవశాస్త్రం చెప్పిన స్నేహితురాల్ని కూర్చోబెట్టి తెలుసుకున్నాను.

ఈ జబ్బు పూర్తి పేరు అథిరోస్క్లిరోసిస్. ఫెలిక్స్ మార్చాండ్ అనే జర్మన్ వైద్యుడు 1904లో పెట్టిన పేరు. గ్రీకు భాషలో 'అథిర' అంటే జావ. అవునండీ, మనం పొద్దున్నే తాగే జావే. 'స్క్లిరోసిస్' అంటే గట్టిపడటం. నాళం గోడని కోసి చూస్తే లోపల మెత్తగా, పసుపుపచ్చగా జావలాంటి పదార్థం, దాని చుట్టూ గట్టిపడ్డ పొర. కనబడ్డదాన్నే పేరుగా పెట్టారు.

మన 'ధమని' కథ ఇంకా బాగుంటుంది. ఊదడమనే అర్థమున్న 'ధ్మా' ధాతువులోంచి వచ్చిన మాట అది. కొలిమిలో గాలి ఊదే గొట్టం లాంటిదన్నమాట. గ్రీకు వైద్యుల్లోనూ చాలామంది ధమనుల్లో గాలి పారుతుందనే అనుకున్నారు. చచ్చిపోయిన శరీరంలో ధమనులు ఖాళీగా కనబడతాయి కదా, అందుకు. ఎక్కడి సంస్కృతం, ఎక్కడి గ్రీకు! ఇద్దరికీ గొట్టమే తోచింది. గొట్టమన్న ఊహ మనల్ని ఇంకా వదల్లేదంటే వింతేముంది?

కానీ ధమని ఇనప గొట్టం కాదు. ప్రాణమున్న గోడ. మూడు పొరలుంటుంది. అన్నిటికంటే లోపల, రక్తం రాసుకుంటూ పోయేచోట, ఒకే ఒక్క కణం మందాన పరుచుకున్న నున్నటి పూత ఉంటుంది. రక్తం గడ్డ కట్టకుండా చూసేది, నాళం ఎప్పుడు వదులవ్వాలో ఎప్పుడు బిగుసుకోవాలో చెప్పేది అదే. బీపీ ఎక్కువైనా, షుగరు పెరిగినా, సిగరెట్టు పొగ రక్తంలో కలిసినా ముందు దెబ్బతినేది ఆ పూతే.

ఇక కొలెస్ట్రాల్. పాపం దాన్ని మనం మరీ దొంగని చేశాం గానీ, ఒంట్లో ప్రతి కణానికీ అది కావాలి. నూనె నీళ్ళలో కలవనట్టే అదీ రక్తంలో కలవదు. అందుకని సన్నటి రేణువుల్లో సర్దుకుని ప్రయాణం చేస్తుంది. అందులో ఎల్‌డీఎల్ అనే రకం రక్తంలో ఎక్కువైతే ఆ పూత సందుల్లోంచి గోడలోకి దూరుతుంది. దూరి, అక్కడే చిక్కుకుపోతుంది. చిక్కుకున్నది పాడవుతుంది. పాడైన సరుకుని ఎత్తిపోయడానికి ఒళ్ళు తెల్లకణాలని పంపిస్తుంది. అవి వచ్చి ఆ కొవ్వుని మింగుతాయి. మింగి మింగి, అరిగించుకోలేక, ఉబ్బిపోతాయి. మైక్రోస్కోపులో చూస్తే సబ్బు నురగలా కనబడతాయిట. అందుకే వాటిని నురగ కణాలంటారు. శుభ్రం చెయ్యడానికి వచ్చినవాళ్ళే అక్కడ కూలబడి చెత్తకుప్పలో కలిసిపోయారన్నమాట. అలాంటివి కొన్ని ఒకచోట చేరితే నాళం గోడ మీద పసుపు చార కనబడుతుంది. జబ్బుకి అదే మొదటి గీత.

తర్వాత నడిమి పొరలోని కండర కణాలు పైకి పాకి వచ్చి, ఆ కుప్ప మీద నారలాంటి మూత అల్లుతాయి. లోపల నురగ కణాలు చచ్చి జావలా మారతాయి. కాచిన పాల మీద మీగడ కట్టినట్టు, ఆ జావ మీద మూత. కొన్నాళ్ళకి సున్నం కూడా పేరుకుని గట్టిపడుతుంది. డాక్టర్లు ప్లాక్ అనేది దీన్నే.

ఇదంతా విని డాక్టరమ్మని అడిగాను, మరి స్టెంటుతో ఈ జావని తీసేశారా అని. ఆ అమ్మాయి నవ్వి, మందుల చీటీ వెనక బొమ్మ గీసింది. "తియ్యలేదు ఆంటీ. బెలూనుతో గోడకి నొక్కేసి, మళ్ళీ ముడుచుకోకుండా జాలీ పెట్టాం. ఆ ఒక్కచోట దారి తెరుచుకుంది. అంకుల్ అనుకుంటున్నట్టు ఇది పైపులో చెత్త కాదు, గోడలో పుండు. మిగతా గోడ సంగతి ఎవరు చూస్తారు? మాత్రలే చూడాలి."

పక్కనే కూర్చున్న మా ఆయన ఏమీ మాట్లాడలేదు. తిరుగుబస్సులో మాత్రం "గోడ సంగతి సరే, పూడిక సంగతి చెప్పదేం?" అన్నారు.

ఆయన పోలికలో నిజం బొత్తిగా లేకపోలేదు. కాలువలో పూడిక అంతటా సమానంగా పడదు. మలుపు లోపలి వైపు, పిల్ల కాలువ చీలేచోట, నీటి వడి తగ్గి సుడి తిరిగేచోట ఎక్కువ పడుతుంది. ధమనుల్లోనూ అంతే. తిన్నగా పారేచోట గోడ చాలావరకు బాగానే ఉంటుంది. కొమ్మలు చీలేచోట, వంపుల్లో, రక్తం ఒరవడి తప్పేచోట ఈ చారలు ముందు పుడతాయి. గుండె ధమనుల చీలికలు, మెడలో ధమని రెండుగా విడిపోయే చోటు, కాళ్ళలోకి దిగే మలుపులు. ఈ సంగతి చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది. "చెప్పానా!" అన్నారు.

ఇంకో సంగతి చెప్పగానే ఆ వెలుగు తగ్గింది. ఈ పని ఎప్పుడు మొదలవుతుందనుకున్నారు? యాభైలో కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల్లో 300 మంది గుండెల్ని వైద్యులు పరీక్షించి 1953లో వివరాలు ప్రకటించారు. వాళ్ళ సగటు వయసు 22 ఏళ్ళు. కవాతులు చేసిన ఉక్కులాంటి కుర్రాళ్ళు. అందులో నూటికి 77 మంది గుండె ధమనుల్లో ఈ జబ్బు ఆనవాళ్ళున్నాయి. కొందరికి పల్చటి చారలే, కొందరికి నాళం మూసుకుపోయేంత. అంటే చెట్టు యాభైలో కూలినా చెద ఇరవైల్లోనే పట్టిందన్నమాట. మా ఆయనకి ఇరవై రెండేళ్ళప్పుడు ఏం చేస్తున్నారో నాకు తెలుసు. పెళ్ళిచూపులకి వచ్చి, పెరట్లోకి వెళ్ళి సిగరెట్టు కాల్చుకొచ్చారు.

ఇదంతా ఈ కాలం తిళ్ళ వల్లేనని, మన తాతలకి ఇవేమీ లేవని అనేవాళ్ళు మా వీధిలో చాలామందే ఉన్నారు. కాస్త ఆగాలి. 2013లో లాన్సెట్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఈజిప్టు, పెరూ, ఉత్తర అమెరికా, అలూషన్ దీవులకి చెందిన 137 మమ్మీలని సీటీ స్కాన్ చేశారు. మూడోవంతు మందిలో ఈ జబ్బు జాడలు కనబడ్డాయి. ఆల్ప్స్ కొండల మంచులో 1991లో దొరికిన 'ఓట్జి' అనే మనిషి 5,300 ఏళ్ళ కిందటివాడు. కొండలెక్కి వేటాడి బతికిన ఆ మనిషి ధమనుల్లోనూ సున్నం కట్టిన మచ్చలున్నాయి. కాబట్టి జబ్బు పాతదే. మనం చేసిందల్లా దాన్ని త్వరగా పిలుచుకురావడం.

మనవాళ్ళైతే మరీ త్వరగా పిలుస్తున్నారు. 52 దేశాల్లో మొదటిసారి గుండెపోటు వచ్చినవాళ్ళ మీద జరిగిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనంలో, దక్షిణాసియా వాళ్ళ వయసు మధ్యస్థంగా 53 ఏళ్ళని తేలింది. మిగతా దేశాల వాళ్ళకి 59కి దగ్గర. ఆ 53 అంకె చూడగానే నాకు మా ఊరి మనిషి గుర్తొచ్చారు. యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టి అమెరికా వెళ్ళి, కండరం దేని బలంతో పనిచేస్తుందో వెతికిన పరిశోధనల్లో భాగస్వామి అయినాయన. గుండె కొట్టుకోవడానికి ఖర్చు పెట్టే ఏటీపీ అనే ఇంధనం సంగతి బయటపెట్టినవాళ్ళలో ఆయనొకరు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండె ఆగి పోయారు. అప్పటికి ఆయన వయసు 53. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో 5,209 మందిని ఏళ్ళ తరబడి వెంటాడి చూసే అధ్యయనం మొదలైంది. బీపీ, కొలెస్ట్రాల్, పొగ లాంటివి గుండెజబ్బుకి ముందస్తు గుర్తులని ప్రపంచానికి గట్టిగా చెప్పింది ఆ ఊరే. ఇవాళ మన డాక్టర్లు వాడే 'రిస్క్ ఫ్యాక్టర్' అన్న మాట జనంలోకి వచ్చింది కూడా వాళ్ళ 1961 వ్యాసం తర్వాతే.

ఇన్ని చెప్పినా మా ఆయన మాత్రల విషయంలో అటూ ఇటూగానే ఉన్నారు. వారంలో నాలుగు రోజులు వేసుకోవడం, మూడు రోజులు మర్చిపోయానని చెప్పడం. అంతలో మా వీధి చివరి అబ్బాయి పోయాడు.

అబ్బాయంటే నలభై ఆరేళ్ళవాడు. రైసుమిల్లులో లెక్కలు రాసేవాడు. ఆరు వారాల కిందటే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాడు. నార్మల్ అని కాగితం ఇచ్చారు. ఆ కాగితం అందరికీ చూపించాడు కూడా. పాపం, శనివారం రాత్రి భోజనం చేసి, గుండెల మీద బరువుగా ఉందని మంచం మీద వాలాడు. తెల్లారేసరికి లేడు. వీధి వీధంతా ఒకటే మాట: "టెస్టు తప్పు చెప్పింది."

నాకూ అలాగే అనిపించి, తర్వాత చెకప్పులో డాక్టరమ్మని అదే అడిగాను. ఆ అమ్మాయి చెప్పింది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. టెస్టు తప్పు చెప్పి ఉండకపోవచ్చట. ప్లాక్ పెరిగేటప్పుడు మొదట లోపలికి కాదు, బయటికి పెరుగుతుంది. నాళం తనంతట తనే వ్యాకోచించి రక్తానికి దారి ఇస్తుంది. గ్లాగోవ్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1987లో ఈ సంగతి వివరంగా చూపించారు. అంటే గోడలో బోలెడు జావ చేరినా దారి బాగానే ఉంటుంది. నడిస్తే ఆయాసం రాదు, మెట్లెక్కితే నొప్పి రాదు. ట్రెడ్‌మిల్ చూసేది గుండెకి రక్తం సరిపోతోందా లేదా అన్నది. సరిపోతోంది కాబట్టి సరిపోతోందనే చెబుతుంది. గోడలో ఏముందో దానికి కనబడదు.

చాలా గుండెపోట్లకి కారణం దారిని తొంభై శాతం మూసేసిన పాత గట్టి ప్లాక్ కాదట. సగం కూడా మూయని, మెత్తటి జావ ఎక్కువగా, పైన మూత పల్చగా ఉన్న చిన్న ప్లాక్. ఒకనాడు ఆ మూత చిట్లుతుంది. లోపలి జావ రక్తానికి తగులుతుంది. గోడకి గాయమైందనుకుని రక్తం తన పని తాను చేస్తుంది, గడ్డ కడుతుంది. వేలు తెగితే మన ప్రాణం కాపాడే పనే అది. అక్కడ, మూడు నాలుగు మిల్లీమీటర్ల నాళంలో, నిమిషాల్లో దారి మూసేస్తుంది. ముప్ఫై ఏళ్ళు నత్తనడక నడిచిన జబ్బు ఆఖరి అడుగు మాత్రం ఒక్క ఉరుకున వేస్తుంది.

ఇంటికొచ్చాక ఇదే మా ఆయనకి నా మాటల్లో చెప్పాను. వింటూ వింటూ ఆయన చేతిలో పేపరు పక్కన పెట్టారు. కాసేపాగి అన్నారు:

"అయితే ఇది పూడిక కాదే. గండి."

తర్వాత ఆయన చెప్పిన మాటలు నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. "గట్టుకి గండి పడేది నీళ్ళు ఎక్కువై పైనుంచి పొర్లితేనే అనుకుంటారు జనం. అలా పడేవి కొన్నే. లోపల ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి, పందికొక్కులు తవ్వుతాయి. పైన గడ్డి పచ్చగా ఉంటుంది, మీద సైకిలు కూడా పోతుంది. ఒకరోజు అవతలివైపు కాస్త చెమ్మ కనబడుతుంది. అప్పుడు లస్కరు చూశాడా, రెండు బుట్టల మట్టితో సరిపోతుంది. చూళ్ళేదా, తెల్లారేసరికి ఊరి చేలన్నీ ములుగుతాయి. అందుకే లస్కర్ని రోజూ గట్టు మీద నడిపించేది. గట్టు బాగుంది కదా అని లస్కర్ని మాన్పించే ఇంజనీరు ఉంటాడా ఎక్కడన్నా?"

అని తనే ఆగిపోయారు. లేచి వెళ్ళి, ఆ పూట మాత్ర వేసుకొచ్చారు. నేనేమీ అనలేదు. ముప్ఫై ఏళ్ళ పంతులమ్మని. పిల్లాడు లెక్క తనే చేసుకున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదని తెలుసు.

ఆ లస్కర్ల సంగతి కూడా కాస్త చెప్పాలి. ఆస్పిరిన్ లాంటివి రక్త ఫలకికలు ఒకదానికొకటి అతుక్కోకుండా చూస్తాయి. మూత చిట్లినా గడ్డ పెద్దది కాకుండా అడ్డుపడతాయి. స్టాటిన్ అనే మాత్ర కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది. అప్పుడు కాలేయం తనకి కావాల్సింది రక్తంలోంచి లాక్కుంటుంది. ఎల్‌డీఎల్ దిగుతుంది. గోడలోకి దూరే సరుకు తగ్గుతుంది, పుండు చల్లారుతుంది, మూత గట్టిపడుతుంది. జావ పూర్తిగా మాయం కాకపోయినా చిట్లే గుణం తగ్గుతుంది. ఈ జాతి మందుని మొదట కనిపెట్టినాయన అకిరా ఎండో అనే జపాన్ శాస్త్రవేత్త. 1970లలో వేల రకాల బూజులు వెతికితే, బియ్యం మీద దొరికిన ఒక బూజులో అది కనబడింది. బియ్యం తినే ఊరివాళ్ళం, ఆ కృతజ్ఞత మనకి ఉండాలి. ఆయన తొంభై ఏళ్ళు బతికి 2024లో పోయారు.

స్టెంటు దండగ అంటున్నానని అనుకోకండి. గుండెపోటు వచ్చిన ఆ గంటల్లో మూసుకుపోయిన దారి తెరవడమంటే ప్రాణం నిలబెట్టడమే. మా ఇంట్లో నిలబడింది కూడా అలాగే. కానీ పోటు రాకుండా, నడిస్తే వచ్చే నొప్పి నిలకడగా ఉన్నవాళ్ళ సంగతి వేరు. 2007లో వచ్చిన కరేజ్ అనే పరిశోధనలో, అలాంటివాళ్ళకి మంచి మందులకి తోడు స్టెంటు వేసినా చావులు గానీ గుండెపోట్లు గానీ అదనంగా తగ్గలేదని తేలింది. నొప్పికి ఉపశమనం దొరికింది, అంతే. ఒక్కచోట గట్టు కట్టాం గానీ కాలువ మైళ్ళ పొడుగుంది కదా.

ఆ కాలువ గుండె దగ్గరే ఆగదు మరి. ఇదే జబ్బు మెడ ధమనిలో ఉంటే పక్షవాతం. కాళ్ళ ధమనుల్లో ఉంటే నాలుగడుగులు వేసేసరికి పిక్కలు పట్టేసి, ఆగితే తగ్గడం. మా వాళ్ళు దాన్ని "వాతం" అని తైలాలు రాసుకుంటారు. కిడ్నీ ధమనిలో ఉంటే మాట వినని బీపీ. ఆడవాళ్ళకి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీనొప్పితో పాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, విపరీతమైన నీరసం, వీపులోనో దవడలోనో లాగుడు ఉండొచ్చు. "పని ఎక్కువైంది, కాస్త నడుం వాలిస్తే పోతుంది" అనుకునే జాతి మనది. నడుం వాల్చకండి. 108కి ఫోన్ చెయ్యండి.

మా వంటింట్లో కొన్ని మారాయి. వేయించిన నూనె మళ్ళీ పొయ్యెక్కదు. వనస్పతి డబ్బా గడప దాటి లోపలికి రాదు. చేపల పులుసు ఉంది, వేపుడు తగ్గింది. ఆవకాయ ఉంది, కానీ అది కూర కాదు, నంజుడు అని మా ఆయనకి గుర్తుచేస్తుంటాను. అన్నం పళ్ళెంలో సగం కూర, పప్పు వచ్చాయి. సిగరెట్టు ఆస్పత్రి మంచం మీదే మానేశారు. రోజూ యనమదుర్రు డ్రెయిను వైపు నలభై నిమిషాలు నడుస్తారు. పాత అలవాటు కదా, దారిలో గట్టు ఎక్కడ కుంగిందో చూసుకుంటూ పోతారు.

మా అబ్బాయికి ముప్ఫై మూడేళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం. వాడి కండలు చూస్తే దిష్టి తియ్యాలనిపిస్తుంది. వారానికి అయిదు రోజులు జిమ్ము. రక్తపరీక్ష చేయించుకోరా అని రెండేళ్ళు అడిగాను. "నాకేమైందమ్మా? పది కిలోమీటర్లు పరిగెడతాను" అనేవాడు. మొన్న దసరాకి వచ్చినప్పుడు వాళ్ళ నాన్న తీసుకెళ్ళి చేయించారు. ఎల్‌డీఎల్ 168. మా ఆయనకి డాక్టరమ్మ పెట్టిన హద్దు 70 లోపు. పోటు వచ్చినవాళ్ళ హద్దు వేరు, రానివాళ్ళ లెక్క వేరు, నాకు తెలుసు. అయినా ఆ అంకె చూసి మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు. తండ్రికి గుండెపోటు వచ్చింది కాబట్టి లైపోప్రొటీన్-ఏ అనేది కూడా ఒకసారి చూపించుకోమని డాక్టరమ్మ చెప్పింది. అది వంశంలోంచి వచ్చే రకం, పరుగుకీ పథ్యానికీ పెద్దగా లొంగదట.

వాడు కాగితం చూసి నవ్వేశాడు. "నాన్నా, నాకు బ్లాకుల్లేవు కదా" అన్నాడు.

మా ఆయన వాణ్ణి వీధి అరుగు మీదకి పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నేను లోపల పప్పు తాలింపు పెడుతున్నాను. ఎండ్రకాయలు, బొరియలు, చెమ్మ అన్న మాటలు వినబడుతున్నాయి. మధ్యలో వాడు "మరి చెమ్మ కనబడకపోతే?" అని అడిగాడు. దానికి ఈయన చాలాసేపు ఏదో చెప్పారు, తాలింపు చప్పుడులో నాకు వినబడలేదు. లోపలికి వచ్చి వాడు ఆ రెండో పరీక్ష పేరు ఫోన్లో రాసుకున్నాడు. సోమవారం హైదరాబాద్‌లో చేయించుకుంటానన్నాడు. ఇవాళ ఆదివారం.